పాత లాతూర్ సీసా: కొనే ముందు, తెరిచేటప్పుడు, వంపేటప్పుడు

నలభై ఏళ్లు నేలమాళిగలో కదలకుండా పడుకున్న షాతో లాతూర్ రెడ్ వైన్ సీసాను చెడగొట్టడానికి అరగంట చాలు. ఎండలో నిలిపిన కారు డిక్కీలో ఉంచడం, మామూలు స్క్రూతో బిరడాను ఒక్క ఊపున లాగేయడం, అడుగున పేరుకున్న మడ్డిని కలిపేసి గ్లాసుల్లో పోసేయడం. వీటిలో ఏ ఒక్కటి జరిగినా పోయింది తిరిగి రాదు. ఇంత పాత వైన్‌కు మనం కొత్తగా చేర్చగలిగింది ఏమీ లేదు, ఉన్నదాన్ని పోగొట్టకుండా గ్లాసు దాకా తీసుకెళ్లాలి, అంతే. ఆ పని ఎలా చేయాలో, ఎక్కడ తప్పు జరుగుతుందో, ఎందుకు జరుగుతుందో వరుసగా చూద్దాం. ఇక్కడ లాతూర్ గురించి చెప్పిన జాగ్రత్తలు ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతంలో లాతూర్ ఉన్న మెదోక్ అనే భాగం నుంచి వచ్చే ఏ పాత వైన్‌కైనా సరిపోతాయి.

ఈ వైన్ ఇన్నేళ్లు ఎందుకు నిలుస్తుంది

లాతూర్ తోట ఫ్రాన్స్‌లో, బోర్డో నగరానికి ఉత్తరాన ఉన్న పొయాక్ దక్షిణపు అంచున, జిరోండ్ నదీముఖానికి దగ్గరగా ఉంటుంది. నదిని చూసే తీగలే మంచి వైన్ ఇస్తాయని మెదోక్‌లో ఒక మాట ఉంది. కోట చుట్టూ ఉన్న సుమారు 47 హెక్టార్ల పాత తోటను 'లాంక్లో' అంటారు. షాతో లాతూర్ పేరుతో వచ్చే పెద్ద వైన్‌కు పండ్లు అక్కడివే. పైన గులకరాళ్లు, కింద బంకమన్ను. వాన పడితే నీళ్లు గులకలోంచి జారిపోతాయి, ఎండాకాలం ముదిరితే వేళ్లకు అడుగు మట్టిలో చెమ్మ దొరుకుతుంది. పక్కనే అంత పెద్ద నీళ్లు ఉండటంతో వసంతంలో మంచు దెబ్బ కూడా తక్కువ. చుట్టుపక్కల తోటలు తడబడిన ఏళ్లలో కూడా లాతూర్ బాగుంటుందన్న పేరు ఊరికే రాలేదు.

పండులో ఎక్కువ భాగం కబెర్నే సోవిన్యోన్, తర్వాత మెర్లో. కబెర్నే పండు చిన్నది, తోలు మందం. రంగు, వగరులో చాలా భాగం ఆ తోలులోంచే వస్తాయి కాబట్టి వైన్ చిన్నతనంలో మింగుడు పడనంత గట్టిగా ఉంటుంది. దాన్ని 225 లీటర్ల కొత్త ఓక్ పీపాల్లో ఏడాదిన్నర పాటు ఉంచి సీసాల్లో పోస్తారు. సీసాలో ఏళ్లు గడిచేకొద్దీ వగరునిచ్చే పదార్థాలు, రంగు పదార్థాలు ఒకదానికొకటి అతుక్కుని, బరువెక్కి, అడుగుకు దిగుతాయి. అదే మడ్డి. పాత సీసాలో మడ్డి ఉంటే లోపం అనుకోవద్దు. నలభై ఏళ్ల లాతూర్‌లో అసలు మడ్డే లేకపోతేనే అనుమానించాలి.

బోర్డో వైన్ తోటలకు తరగతులిచ్చిన 1855 నాటి వర్గీకరణలో మొదటి తరగతిలో పెట్టిన నాలుగు తోటల్లో లాతూర్ ఒకటి. లఫీత్, మార్గో, ఓ బ్రియోన్ మిగతా మూడు, మూతోన్ 1973లో చేరింది. యాజమాన్యం చరిత్ర కూడా కొనేవాడికి పనికొచ్చే సమాచారమే. తరతరాలుగా ఒకే వంశం చేతిలో ఉన్న తోటలో పెద్ద వాటాను 1963లో బ్రిటన్‌కు చెందిన పియర్సన్ సంస్థ కొంది. ఆ మరుసటి ఏడాదే పాత చెక్క తొట్ల స్థానంలో స్టీల్ తొట్లు వచ్చాయి. దాంతో పులిసేటప్పుడు వేడిని అదుపులో పెట్టడం తేలికైంది. 1993 నుంచి తోట ఫ్రెంచ్ వ్యాపారవేత్త ఫ్రాన్స్‌వా పినో కుటుంబం చేతిలో ఉంది. రెండో శ్రేణి వైన్ 'లే ఫోర్ దె లాతూర్' 1966 పంటతో మొదలైంది. 2012లో తోటవాళ్లు ఒక పెద్ద నిర్ణయం తీసుకున్నారు: వైన్ ఇంకా పీపాలో ఉండగానే ముందస్తుగా అమ్మే బోర్డో పద్ధతిని వదిలేశారు. అలా అమ్మిన ఆఖరి పంట 2011ది. అప్పటినుంచి తాగడానికి సిద్ధమైందని తమకు అనిపించాకే సొంత నేలమాళిగ నుంచి సీసాలు విడుదల చేస్తున్నారు.

ఏ ఏడాది పంట

1961 లాతూర్‌కు ఉన్న పేరు వేరే దేనికీ లేదు. ఆ వసంతంలో పూత సరిగా నిలవక, మంచు కూడా తగిలి పంట బాగా తగ్గింది. మిగిలిన కొద్ది పండ్లు ఎండకు బాగా ముదిరాయి. ధర కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది. మొదటిసారి పాత లాతూర్ కొనేవారికి 1982 సరైన ఎంపిక. వేడి ఏడాది, పండు బాగా పక్వానికి వచ్చింది, ఇప్పుడు తాగడానికి సిద్ధంగా ఉంది, ఇంకా చాలా ఏళ్లు నిలుస్తుంది కూడా. 1990 కూడా అంతే ధైర్యంగా తీసుకోవచ్చు. 1970 గొప్పదే కానీ సీసాకూ సీసాకూ తేడా ఉంటుంది. 1975లో వగరు ముందు నిలుస్తుంది, అందరికీ నచ్చదు. 1996 ఇప్పటికీ బిగువుగానే ఉంటుంది, ఓపిక ఉంటే ఆగడమే మేలు.

ఏ ఏడాది ఏ ప్రాంతానికి ఎన్ని మార్కులో చెప్పే పంటల పట్టికలు చూసి మాత్రమే కొనకండి. 1964 సంగతే తీసుకోండి. ఆ అక్టోబర్‌లో వానలు ముంచెత్తాయి. లాతూర్‌లో అప్పటికే కోత పూర్తయింది. అదే పొయాక్‌లో ఆలస్యంగా కోసిన పేరున్న తోటలు తడిసిన పండ్లతో మిగిలాయి. పట్టికలో 1964 మెదోక్‌కు పడిన మార్కు చూసి లాతూర్‌ను పక్కన పెడితే నష్టం మీకే.

ఇంకో సలహా, దీన్ని గట్టిగా చెబుతున్నాం: మొదటిసారే ఖరీదైన లాతూర్ సీసా మీద చెయ్యి పెట్టకండి. ఇరవై, పాతికేళ్ల వయసున్న లే ఫోర్ దె లాతూర్ కానీ, అంతకంటే చవకైన మెదోక్ వైన్ కానీ రెండు సీసాలు తెరిచి అలవాటు చేసుకోండి. మెత్తబడిన బిరడా చేతికి ఎలా తగులుతుందో ఒకసారి తెలిస్తే, రెండోసారి చెయ్యి వణకదు.

కొనే ముందు సీసాను చదవడం

ముందు వైన్ మట్టం చూడండి. సీసా నిలబెట్టి చూస్తే మెడ, దాని కింద భుజం కనిపిస్తాయి. బిరడా గుండా ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ఆవిరి పోతుంది, ఆ మేరకు గాలి లోపలికి చేరుతుంది. ముప్పై నలభై ఏళ్ల సీసాలో వైన్ మెడ అడుగున ఉంటే చాలా మంచిది, భుజం పైఅంచున ఉన్నా ఫరవాలేదు. భుజం మధ్యకు దిగితే అదృష్టం మీద ఆధారపడ్డట్టే. అంతకంటే కిందికి దిగిన సీసాను తాగడానికి కొనకండి. మరోవైపు, అరవై ఏళ్ల సీసా నిన్న నింపినట్టు మెడ పైదాకా ఉంటే దాని గురించి కూడా అడగాలి. తోటలోనే బిరడా మార్చి పైన కాస్త నింపి ఉండొచ్చు. అలాగైతే దానికి రుజువు ఉండాలి.

తర్వాత మూతి మీది రేకు. దాన్ని వేళ్లతో మెల్లగా తిప్పి చూడండి. తిరిగితే మంచిదే, అంటే లోపలి నుంచి వైన్ కారి రేకును అంటించలేదన్నమాట. తిరగనంత మాత్రాన సీసా పాడైనట్టు కాదు, కొన్ని రేకులు మొదటి నుంచీ బిగువుగా ఉంటాయి. కానీ రేకు కింది అంచున జిగురు చారికలు ఉంటే, బిరడా పైకి ఉబికి రేకును తోస్తుంటే ఆ సీసా ఎప్పుడో వేడెక్కింది. వేడికి లోపలి ద్రవం వ్యాకోచించి బిరడాను నెట్టింది. అలాంటిది చవగ్గా వచ్చినా వదిలేయండి.

లేబుల్ మీద చెమ్మ మరకలు, అంచుల్లో బూజు ఉంటే చాలామంది వెనక్కి తగ్గుతారు. మేమైతే అలాంటి సీసాను ముందు చేతిలోకి తీసుకోమంటాం. చెమ్మగా ఉన్న నేలమాళిగలో బిరడా ఎండిపోదు. మెరిసే లేబుల్, ఎండిపోయిన బిరడా కంటే మరకల లేబుల్, చెమ్మగల బిరడా మేలు. ఆ తర్వాత సీసా వెనక తెల్లటి లైటు పెట్టి రంగు చూడండి. ముదురు గాజు గుండా కూడా మెడ దగ్గర పలుచగా కనిపిస్తుంది. దానిమ్మ ఎరుపు, ఇటుక ఎరుపు ఉంటే వయసుకు తగ్గట్టే. టీ డికాషన్‌లా గోధుమ రంగుకు తిరిగి, మసకగా ఉంటే వైన్ అయిపోయింది.

నకిలీల విషయం తేలిగ్గా తీసుకోకూడదు. రూడీ కుర్నియవాన్ అనే వ్యక్తి తక్కువ ధర వైన్లు కలిపి పాత ఖరీదైన సీసాల్లో నింపి అమెరికాలో వేలాల్లో అమ్మాడు. 2013 డిసెంబర్‌లో న్యూయార్క్ కోర్టులో నేరం రుజువైంది, 2014లో పదేళ్ల శిక్ష పడింది. అందుకే సీసా ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లిందో చెప్పే కాగితాలు అడగాలి: మొదట ఎవరు కొన్నారు, ఏ గిడ్డంగిలో ఉంచారు, ఎన్నిసార్లు చేతులు మారింది. తోట నుంచే నేరుగా వచ్చిన సీసాకు ధర ఎక్కువే, కానీ ఆ ప్రశ్నలన్నిటికీ జవాబు అందులోనే ఉంది. 1950కి ముందువని చెప్పే సీసాలకు ఒక చిన్న పరీక్ష: చీకట్లో అతినీలలోహిత టార్చి వేయండి. లేబుల్ కాగితం నీలి తెలుపుగా మిలమిల మెరిస్తే, కాగితాన్ని తెల్లగా చూపే ఆధునిక రసాయనాలు అందులో ఉన్నట్టే, ఆ కాలంలో అవి లేవు. మెరవనంత మాత్రాన అసలుదని అనుకోవద్దు. ఈ పరీక్ష నకిలీని పట్టిస్తుంది కానీ అసలుకు హామీ ఇవ్వదు.

సీసా పరిమాణం కూడా చూడండి. 375 మిల్లీలీటర్ల చిన్న సీసాలో వైన్‌తో పోలిస్తే గాలి వాటా ఎక్కువ కాబట్టి తొందరగా ముసలిదవుతుంది. లీటరున్నర మాగ్నమ్‌లో నెమ్మదిగా. యాభై ఏళ్లు దాటిన పంటలకు చిన్న సీసాలు కొనకండి.

ఇంటికి చేరాక

ప్రయాణం చేసి వచ్చిన పాత సీసాను వెంటనే తెరవకూడదు. కుదుపులకు మడ్డి మొత్తం లేచి ఉంటుంది. కనీసం మూడు నాలుగు వారాలు చల్లగా, చీకట్లో, కదలకుండా పడుకోబెట్టి ఉంచండి. 12 నుంచి 14 డిగ్రీల వేడి, 70 శాతం దగ్గర తేమ దీనికి సరైనవి. వేడి ఒకే మాదిరిగా ఉండటం ముఖ్యం. పగలు 24, రాత్రి 14 అయ్యే గదికంటే ఎప్పుడూ 17 ఉండే గది నయం, ఎందుకంటే హెచ్చుతగ్గులకే బిరడా ఊపిరి పీల్చి వదులుతుంది.

ఇక మన ఊళ్ల సంగతి. హైదరాబాద్‌లో, విజయవాడలో వేసవి ఉష్ణోగ్రతలకు ఈ వైన్ నిలవదు. అపార్ట్‌మెంట్ సెల్లార్ అంటే కార్లు పెట్టుకునే చోటు, వైన్ పెట్టే చోటు కాదు. ఏళ్ల తరబడి దాచాలంటే కంప్రెసర్ ఉన్న వైన్ ఫ్రిజ్ కావాలి, దాన్ని కరెంటు పోయినా ఆగకుండా నడిపే ఏర్పాటు కూడా ఉండాలి. వంటింటి ఫ్రిజ్‌లో ఒకటి రెండు నెలలు సరే, అంతకుమించితే పొడిగాలికి బిరడా ముడుచుకుంటుంది. అమెరికాలో, బ్రిటన్‌లో ఉండే మనవాళ్లు అక్కడి అద్దె గిడ్డంగుల్లోనే ఉంచి, తాగబోయే సీసా మాత్రమే తెచ్చుకోవడం మంచిది. విమానంలో వైన్ చెకిన్ సామానులోనే వెళ్లాలి. ఇండియాలో దిగేటప్పుడు సుంకం లేకుండా ఒక్కొక్కరికి 2 లీటర్ల మద్యం దాకా అనుమతి. ఇంట్లో ఎన్ని సీసాలు ఉంచుకోవచ్చో రాష్ట్ర ఎక్సైజ్ నిబంధనలు చూసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం తీసుకురావద్దు. రన్‌వే పక్కన సామాను ట్రాలీ ఎండలో ఆగిందంటే అంతే సంగతులు.

తాగబోయే రోజుకు రెండు రోజుల ముందు సీసాను నిలబెట్టండి. మడ్డి మరీ పొడిలా సన్నగా ఉంటే నాలుగైదు రోజులు. నిలబెట్టేటప్పుడు గబుక్కున లేపకండి. పక్కకు పడుకున్నప్పుడు కింది వైపు గాజుకు మడ్డి పొరలా అంటుకుని ఉంటుంది. దాన్ని ఒకే దిశలో, నెమ్మదిగా లేపితే గాజు మీదుగా జారి అడుగున గుండ్రటి గుంట చుట్టూ చేరుతుంది. ఊపితే పగిలి పొగలా వైన్ అంతటా తిరుగుతుంది, మళ్లీ దిగడానికి రోజులు పడుతుంది.

బిరడా తీయడం

బోర్డో మంచి తోటల బిరడాలు పొడవుగా, ఐదు సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉంటాయి. నలభై ఏళ్లలో వాటి కింది సగం వైన్ పీల్చుకుని మెత్తబడుతుంది, పై సగం గట్టిగా ఉంటుంది. మామూలు స్క్రూ మధ్యలో గుచ్చి లాగితే మెత్తని సగం గాజుకు అంటుకుని అక్కడే ఉండిపోతుంది, పై సగం ఊడి వస్తుంది. ఇక్కడ జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ఇదే. దీనికి రెండు పనిముట్లున్నాయి. ఒకటి 'ఆ-సో': పక్కల నుంచి దిగే రెండు పలుచని ఉక్కు పలకలు, ఒకటి పొడవు, ఒకటి పొట్టి. రెండోది 'డురాండ్': మధ్యలో స్క్రూ, పక్కల పలకలు రెండూ కలిసినది. ఖరీదైనదే, కానీ పాత సీసా ధర ముందు అదొక లెక్క కాదు. ముప్పై ఏళ్లు దాటిన సీసాకు డురాండ్‌నే వాడమంటాం. ఆ-సో ఒక్కటే వాడితే, వదులైన బిరడాను పలకలు లోపలికి తోసే ప్రమాదం ఉంది.

సీసాను బల్ల మీద నిలబెట్టే ఉంచండి. మెడ దగ్గర ఉబ్బెత్తు పట్టీ ఉంటుంది, దానికి కింద రేకును చుట్టూ కోసి మొత్తం తీసేయండి. వంపేటప్పుడు మెడ కనిపించాలి కాబట్టి రేకు మిగల్చవద్దు. బిరడా నెత్తిన నల్లటి బూజు ఉంటుంది, అది చూసి కంగారు పడనక్కర్లేదు. గోరువెచ్చని నీటిలో పిండిన గుడ్డతో మూతి చుట్టూ రెండుసార్లు తుడవండి. 1990ల మొదటి వరకు రేకులు ఎక్కువగా సీసంతో చేసేవారు. దాని తెల్లటి పొడి గాజు అంచున మిగిలి ఉండొచ్చు, కాబట్టి ఈ తుడవడం శుభ్రత కోసమే కాదు, ఆరోగ్యం కోసం కూడా.

డురాండ్ స్క్రూ కొనను బిరడా నడిమధ్యన పెట్టి, కిందికి నొక్కకుండా తిప్పండి. నొక్కితే బిరడా లోపలికి దిగుతుంది. పైన ఉన్న అడ్డపట్టీ సీసా మూతి మీద ఆనగానే ఆపండి. ఇప్పుడు పలకలను ఆ పట్టీకి అడ్డంగా పెట్టి, పొడవాటి పలకను ముందు బిరడాకూ గాజుకూ మధ్య దూర్చండి, తర్వాత పొట్టిది. అటూ ఇటూ మెల్లగా ఊపుతూ రెండూ పూర్తిగా దిగేదాకా తోయండి. తర్వాత రెండు పిడులనూ కలిపి పట్టుకుని, తిప్పుతూ పైకి తీయండి. బలంగా లాగడం కంటే తిప్పడమే ఎక్కువ ఉండాలి. బిరడా గాజును వదిలినప్పుడు చేతికి తెలుస్తుంది, ఒక్కసారిగా తేలికవుతుంది. అక్కడి నుంచి ఇంకా నెమ్మది.

సగం విరిగితే? మిగిలిన ముక్కలోకి మామూలు స్క్రూను ఏటవాలుగా, గోడ వైపు ఆనిస్తూ దింపి పైకి తీయండి. అది కూడా పొడి అవుతుంటే పట్టుదలకు పోవద్దు. ముక్కను లోపలికి తోసేసి, వంపేటప్పుడు సన్నని స్టీల్ జల్లెడ గుండా వడకట్టండి. బిరడా ముక్కలు వైన్ రుచిని చెడగొట్టవు. కాఫీ ఫిల్టర్ కాగితం మాత్రం వాడకండి, కాగితం వాసన వైన్‌కు పడుతుంది.

బయటికి వచ్చిన బిరడాను పారేయకుండా చూడండి. పక్కన తోట పేరు, పంట ఏడాది అచ్చయి ఉంటాయి, లేబుల్ మీది ఏడాదితో కలవాలి. వైన్ తడి బిరడా అడుగున సగం దాకా ఉంటే సహజం. అంచు వెంబడి ఒక సన్నని మరక కింది నుంచి పైదాకా పాకి ఉంటే ఆ దారిన గాలి వెళ్లింది, వైన్‌ను జాగ్రత్తగా వాసన చూడాలి.

వంపడం

మడ్డి లేకుండా వైన్‌ను వంపుకునే గాజు పాత్ర డికాంటర్. దాన్ని ముందే వాసన చూడండి. అల్మరాలో నెలల తరబడి ఉన్న గాజు పాత్రకు చెక్క వాసన, దుమ్ము వాసన పడతాయి. సబ్బు వాడకుండా వేడి నీటితో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, ఒక చెంచా మామూలు రెడ్ వైన్ పోసి తిప్పి పారేస్తే సరి. మెడ సన్నగా, పొట్ట చిన్నగా ఉన్నది ఎంచుకోండి. పళ్లెంలా వెడల్పుగా పరుచుకునేవి కుర్ర వైన్లకు, పాతవాటికి అంత గాలి పనికిరాదు.

బల్ల మీద ఒక కొవ్వొత్తి కానీ, చిన్న టార్చి పైకి చూసేలా కానీ పెట్టుకోండి. మీ కంటికి, సీసా భుజానికి, వెలుగుకు మధ్య ఒకే గీత ఉండాలి. సీసాను మెల్లగా వంచి సన్నని ధారగా పోయడం మొదలుపెట్టండి, మధ్యలో ఆపకండి. ఆపి సీసాను నిలబెడితే లోపల అల తిరిగి అడుగు మడ్డిని లేపుతుంది. గారెలు వేయించాక చల్లారిన నూనెను మడ్డి కదలకుండా ఒంచుకునేటప్పుడు చెయ్యి ఎలా ఆగకుండా ఉంటుందో అలాగే. ముప్పావు వంతు పోయేదాకా ధార తేటగా, గాజులా మెరుస్తూ ఉంటుంది. తర్వాత భుజం దగ్గర ఒక సన్నని పొగ తీగ కనిపిస్తుంది. దాని వెనకే ముదురు రంగు పొడి మెల్లగా పాకుతూ వస్తుంది. బోర్డో సీసా భుజం నిటారుగా ఉండటం వల్ల అది కాసేపు అక్కడ ఆగుతుంది. పొగ తీగ మెడలోకి వచ్చేదాకా పోయవచ్చు, పొడి మెడ చేరేలోపు ఆపేయాలి. సుమారు 40, 50 మిల్లీలీటర్లు సీసాలోనే మిగులుతుంది. అంత ఖరీదైన వైన్ వదిలేయాలా అని మనసు పీకుతుంది, కానీ వదిలేయండి. ఆ మడ్డి చేదు, ఇసుకలా నాలుకకు తగులుతుంది. ఒక్క చెంచాడు కలిసినా వైన్‌లోని సన్నని వాసనలన్నీ మూసుకుపోతాయి.

ఎంతసేపు ఆగాలి

దీనిమీద బల్ల చుట్టూ కూర్చున్న ప్రతివాళ్లకూ ఒక అభిప్రాయం ఉంటుంది. మా మాట ఇది. లాతూర్ మిగతా తోటల కంటే బిగువైన వైన్, కాబట్టి 1982, 1990 లాంటి బలమైన పంటలను వంపాక గంట నుంచి రెండు గంటలు డికాంటర్‌లో ఉంచవచ్చు. 1996, 2000 పంటలకు మూడు గంటలు పెట్టినా ఫరవాలేదు. 1961, అంతకు ముందువాటిని భోజనానికి కూర్చునే ముందే వంపండి. బలహీనమైన ఏడాది పాత సీసా అయితే వంపిన ఇరవై నిమిషాల్లోనే అందంగా ఉండి, గంటలో చప్పబడిపోవచ్చు. కొందరు ఫ్రెంచ్ సేకర్తలు పాత సీసాను వంపరు. నాలుగైదు గంటల ముందు బిరడా మాత్రం తీసి, చల్లని చోట సీసాను అలాగే నిలబెడతారు. మెడ వెడల్పు మేరకే గాలి తగులుతుంది కాబట్టి మార్పు చాలా నెమ్మది. బాగా పాత వైన్‌కు ఇది మంచి పద్ధతే, కానీ పోసే చెయ్యి స్థిరంగా ఉండాలి, ప్రతి గ్లాసుకూ సీసాను లేపి దించితే మడ్డి కలుస్తుంది. ఏ పద్ధతిలోనైనా, తెరిచిన వెంటనే రెండు చెంచాలు రుచి చూసి నిర్ణయించండి. గడియారం కంటే నాలుక నమ్మదగినది.

16 డిగ్రీల దగ్గర గ్లాసులో పోయండి, తాగే లోపు 18కి చేరుతుంది. రెడ్ వైన్‌ను గది వేడిలో తాగాలన్న మాట యూరప్ చలి ఇళ్లకు చెందినది. ముప్పై డిగ్రీల గదిలో లాతూర్ కూడా ఘాటుగా, చదునుగా ఉంటుంది. ఏసీ వేసిన గదిలో కూడా డికాంటర్‌ను చల్లని నీటి గిన్నెలో కాసేపు నిలబెట్టాల్సి రావచ్చు, ఐసు ముక్కలు నేరుగా తగలనివ్వకండి. పెద్ద పొట్ట, ముడుచుకున్న మూతి ఉన్న గ్లాసులో 80, 90 మిల్లీలీటర్లు చాలు. ఒక సీసా ఎనిమిది మందికి సరిపోతుంది.

వాసన తేడాగా ఉంటే

తెరవగానే మూసి ఉంచిన ట్రంకుపెట్టె లాంటి వాసన వస్తే తొందరపడి తిరస్కరించకండి. ఏళ్ల తరబడి గాలి తగలని వైన్ అలాగే ఉంటుంది, పావుగంటలో పోతుంది. అలా పోకుండా, గాలి తగిలేకొద్దీ పెరుగుతూ, తడిసిన అట్టపెట్టెలా, ముక్కిపోయిన బియ్యంలా వస్తే అది బిరడా చెడు. టీసీఏ అనే పదార్థం బిరడాలోంచి దిగింది, దానికి మందు లేదు. పైకి మంచిగా ఉన్న సీసాలో కూడా ఇది జరగవచ్చు, అందులో మీ తప్పేమీ లేదు. వెనిగర్ ఘాటు, గోళ్ల రంగు వాసన కొద్దిగా ఉంటే పాత వైన్లలో సహించవచ్చు, ముక్కు మండితే లేదు. కోసి వదిలేసిన ఆపిల్ వాసన, గోధుమ రంగు కలిసి కనిపిస్తే గాలి గెలిచింది. ఉడికిన పండ్ల పాకం వాసన వస్తే సీసా ఎక్కడో ఎండకు గురైంది. గుర్రపుశాల, తోలు వాసన మాత్రం వేరు. ఆ కాలపు బోర్డో వైన్లలో అది కొద్దిగా ఉండటం మామూలే, చాలామంది దాన్ని ఇష్టపడతారు కూడా.

అన్నీ కుదిరితే దేవదారు చెక్క, పొగాకు ఆకు, పెన్సిల్ చెక్కినప్పుడు వచ్చే వాసన, వాన వెలిశాక తడి రాళ్లు. వీటి కింద ఇంకా మిగిలిన నల్లద్రాక్ష.

పక్కన ఏం పెట్టాలి

పొయాక్ చుట్టుపక్కల గొర్రెపిల్ల మాంసానికి ఎంతో పేరుంది, ఈ వైన్‌కు అదే జోడీ. ఉప్పు, కాస్త వెల్లుల్లి, వెన్నతో నెమ్మదిగా కాల్చిన మాంసం, పుట్టగొడుగులు, ముదిరిన గట్టి చీజ్ సరిపోతాయి. గోంగూర మాంసం మనకు ఎంత ప్రాణమైనా ఆ రాత్రికి వద్దు. కారం నోటిని మండిస్తుంది, ఆ మంటలో వైన్‌లోని మద్యం, మిగిలిన వగరు రెండూ రెట్టింపు అనిపిస్తాయి. గోంగూర పులుపు ముందు పాత వైన్ నీళ్లలా తేలిపోతుంది. చింతపండు, నిమ్మ, పచ్చిమిర్చి ఏవి తగిలినా అదే కథ. కారం లేకుండా, మిరియాలు కూడా తక్కువ వేసి ఉడికించిన మటన్ అయితే ఇంట్లోనే చేసుకోవచ్చు.

మిగిలితే మర్నాటికి దాచవద్దు. కుర్ర వైన్ ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంటుంది, ఇది ఒక రాత్రి కూడా నిలవదు. ఆఖరి గ్లాసును మాత్రం కాసేపు ఆపి ఉంచండి, చాలాసార్లు అన్నిటికంటే బాగుండేది అదే.

ఖాళీ సీసాను గుర్తుగా ఉంచుకోవాలంటే లేబుల్ మీద శాశ్వత ఇంకుతో తేదీ, తాగినవారి పేర్లు రాయండి. ఉంచుకోకపోతే లేబుల్‌ను గీకేసి, సీసాను పగలగొట్టి, బిరడాను విడిగా పారేయండి. కుర్నియవాన్ లాంటివాళ్లకు ముడిసరుకు రెస్టారెంట్ల నుంచి అడిగి తెప్పించుకున్న ఇలాంటి ఖాళీ సీసాలే.